చేతిమాట

ఆ కార్ఖానాలో నోటికి పనిలేదు. అద్దాల అంచులు అరగదీసే యంత్రాలు ఒకేసారి తిరుగుతుంటే పక్కవాడి చెవిలో నోరుపెట్టి అరిచినా మాట చేరదు. వాడు "ఏంటీ?" అనడం కనిపిస్తుందంతే, అదీ వినిపించదు. అందుకని అక్కడ అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. పలక ఎత్తు, దించు, నీళ్లు కట్టెయ్, నిన్న సాయంత్రం మీ ఇంట్లో గొడవేంటి - అన్నింటికీ చేతులే.

ఆ చేతిమాటను వాళ్లకు నేర్పింది అరగదీత యంత్రం దగ్గర పనిచేసే ఒకామె. పుట్టుకతోనే ఆమెకు చెవులు వినపడవు. బడివాళ్లు "వినపడని పిల్లకు ఏం చెబుతామమ్మా" అని గుమ్మంలోంచే తిప్పి పంపేశారు కాబట్టి అక్షరాలూ రావు. వీధి ఆమెకు పెట్టిన పేరు మూగావిడ. ఇంతకంటే పచ్చి అబద్ధం ఇంకోటి లేదు. ఆమె అంత వాగుడుకాయ ఆ చుట్టుపక్కల ఎక్కడా కనిపించదు. వినగలిగినవాళ్లు చూడ్డం నేర్చుకోకపోతే ఎదుటి మనిషిని మూగ అనేస్తారు. కార్ఖానాలో మాత్రం ఆమె పేరు మేష్టారమ్మ.

అతను అదే కార్ఖానాలో అద్దపు పలకలు మోసేవాడు. పొడుగ్గా, గోడకు చేరేసినట్టు నిటారుగా ఉంటాడని తోటివాళ్లు నిలువుటద్దం అని పిలిచేవారు. ఆమెతో మాట్లాడాలన్న ఆశతో చేతిమాట అందరికంటే ముందు నేర్చుకున్నాడు, అందరికంటే బాగా నేర్చుకున్నాడు. తర్వాత ఆమెనే పెళ్లి చేసుకున్నాడు.

"నోరులేని పెళ్లాం దొరికింది. ఏం అదృష్టంరా నీది!" అన్నారు తోటివాళ్లు.

"నోరు లేదా? పది వేళ్లూ పది నోళ్లురా నాయనా. ఒకేసారి తిడుతుంది" అన్నాడతను.

గొడవ మధ్యలో కరెంటు పోతే ఆ ఇంట్లో నిజంగానే మాట ఆగిపోయేది. ఆమె తడుముకుంటూ వెళ్లి కొవ్వొత్తి వెలిగించి తెచ్చి, మధ్యలో పెట్టి, చేతులు దులుపుకుని, ఆపిన చోటు నుంచి మొదలుపెట్టేది. అతనికి నవ్వొచ్చేసేది. నవ్వాడని మళ్లీ గొడవ.

పిల్లల్లేరు. ఇరుకు ఇల్లు, ఒక కిటికీ. ఇద్దరికీ ఒకటే కార్ఖానా.

ఆ రోజు విరామంలో, యంత్రాలు ఆగి ఉండగా దింపిన పలకల్లో ఒకదాని మూల దగ్గర బీట ఉంది. పలకను ముందువైపు పట్టుకునే పెద్దాయన అది చూసి యజమానికి చూపించాడు.

"పిసరంత బీట. కోతలో పోతుందిలే. ఎత్తండెత్తండి" అన్నాడు యజమాని.

చేతి తొడుగులు అరచేతుల దగ్గర ఎప్పుడో చిరిగిపోయాయి. కొత్తవి వస్తున్నాయన్న మాట కూడా పాతబడిపోయింది. వట్టి చేతులతోనే ఎత్తారు. ముందు పెద్దాయన, వెనక ఇతను.

అద్దం పనిలో చేరినవాడికి మొట్టమొదట నేర్పేది ఒకటే: పలక విరుగుతోందా, చేతులు తీసేసి వెనక్కి గెంతు. అద్దాన్ని పట్టుకోవాలని చూడకు. ఆ సంగతి అతనికి నిద్రలో అడిగినా తెలుసు. నడిమధ్యలో పలక చిటపటమంది. పెద్దాయన "వదిలెయ్!" అని అరిచి పక్కకు గెంతాడు. కానీ అద్దంలోంచి అతనికి అవతల ఆమె వీపు కనిపించింది. అరగదీసిన ముక్కలు సర్దుకుంటూ వంగి ఉంది. అరుపు ఆమెకు వినపడదు. అతను వదల్లేదు. ఒరుగుతున్న పలకను బలంకొద్దీ తనవైపు లాక్కున్నాడు. అది రెండుగా విరిగి, పై ముక్క అతని కుడి అరచేతిని మణికట్టు పక్కదాకా కోసుకుంటూ జారిపోయింది.

పాదాల కింద నేల అదిరితే ఆమె వెనక్కి తిరిగింది. అతను ఎడంచేత్తో కుడిచేతిని పట్టుకుని నిలబడి ఉన్నాడు. మూడు వేళ్లు చచ్చిపడినట్టు చాచుకుని ఉన్నాయి. మూద్దామంటే మూసుకోవడం లేదు.

యజమాని తన బండిలోనే ఆసుపత్రికి తీసుకెళ్లాడు. ఆ మేలు గురించి ఆయన తర్వాత చాలామందికి చెప్పుకున్నాడు. దారిలో అన్న మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు.

"ఇంట్లో కిటికీ అద్దం మారుస్తుంటే తెగిందని చెప్పు. కార్ఖానా పేరొస్తే అందరి పొట్టా కొట్టినట్టవుతుంది. నీ పని ఎక్కడికీ పోదు, నాది పూచీ."

అతను డాక్టరుకి అలాగే చెప్పాడు. చెయ్యి పడిపోయింది గాని నోరు బాగానే ఉంది. అది అబద్ధానికి పనికొచ్చింది.

"నరాలు తెగిపోయాయా సార్?" అని అడిగాడు.

"నరాలు కాదయ్యా. వేళ్లను లాగే తాళ్లుంటాయి, టెండన్లంటాం. నీకు మూడు వేళ్లవి తెగాయి. తెగిన కొస అక్కడే ఉండదు, సాగదీసిన రబ్బరులా పైకి, మోచేతి వైపుకి వెళ్లిపోతుంది. వెతికి, కిందికి లాక్కొచ్చి కుట్టాలి. కుట్టడం మా పని. తెగకుండా చూసుకోవడం నీ పని."

కుట్టారు. మణికట్టు లోపలికి వంచి, చేతి వెనక గట్టి పలకలాంటిది పెట్టి, వేళ్లదాకా కట్టు కట్టారు. తర్వాత జాగ్రత్తలు చెప్పారు. బరువెత్తకు. పిడికిలి బిగించకు. గుండీలు పెట్టుకోకు. వేళ్లు వాటంతట అవి వంగకూడదు, ఇంకొకరు మెల్లగా వంచి చాపాలి.

"మిగతాదంతా నీ ఇష్టం. హాయిగా కూర్చుని పెళ్లాంతో కబుర్లు చెప్పుకో" అని నవ్వాడు డాక్టరు. మంచివాడే. కానీ ఆ చేతులు రోజంతా ఏం చేస్తాయని ఆయన అడగలేదు. అడగడానికి బయట బారులు తీరిన జనం ఊరుకోరు.

ఆమె వార్డు గుమ్మం పక్కన నిలబడి అందరి నోళ్లూ చూస్తోంది. నర్సుకు ఎదురెళ్లి, తన అరచెయ్యి చూపించి, వేళ్లు మూసి తెరిచి, కనుబొమలు పైకెత్తింది: వస్తాయా?

"ఆవిడకి చెప్పినా తెలీదు గదా. మీరే చెప్పుకోండి" అని నర్సు అతనికి చెప్పి వెళ్లిపోయింది. అతని చెయ్యి కట్టులో ఉంది.

అంత పెద్ద ఆసుపత్రి. అడుగడుక్కీ బోర్డులు, బాణాలు. చేతులతో ఒక్క మాట చెప్పగలిగిన మనిషి మాత్రం అందులో లేడు. ఎవరూ దాన్ని లోపం అనుకోలేదు. లోపం ఆమెదే అనుకున్నారు.

ఇంటికొచ్చాక అతనికి తన చేతకానితనం ఒక్కొక్కటే తెలిసొచ్చింది. చొక్కా వేసుకోలేడు. గ్లాసు ఎడంచేత్తో ఎత్తితే గడ్డం మీద ఒలికేది. స్నానానికి చేతికి సంచి కట్టాలి, ఇంకొకరు నీళ్లు పొయ్యాలి. ఆమె పనికి వెళ్లక తప్పదు. సాయానికి అతని అక్క వచ్చింది.

అక్కకు తమ్ముడంటే ప్రాణం. నోటికి మాత్రం తలుపులు లేవు.

"తినరా, కళ్లు మూసుకుని తిను. ఇంత పొడుగు పెరిగి చెంచా కోసం నోరు తెరుస్తుంటే కాకిపిల్లలా ఉన్నావు."

"నవ్వించకక్కా, పొలమారుతుంది."

"నవ్వు. ఏడవడానికి నేనున్నాగా. అవతల అరుస్తుంటే వినపడని మనిషిని ఆ అద్దాల మధ్య ఎందుకు పెట్టుకున్నారంట? వదిలేసుంటే నీ చెయ్యి నీకుండేది."

"అక్కా! దానికేం సంబంధం లేదు."

"లేదా? ఎవరికోసం పట్టుకున్నావు మరి?"

అంతలో అతని భార్య పని నుంచి వచ్చింది. అక్కకు ఆవేశం ఆగలేదు. ఆమెకు తెలిసిన సైగలు రెండో మూడో: తిను, రా, పడుకో. కానీ నింద వెయ్యడానికి భాష అక్కర్లేదు. రెండు చేతులూ పైకెత్తి అద్దం పడ్డట్టు చూపించింది. తమ్ముడి కట్టు చూపించింది. తర్వాత వేలుపెట్టి మరదలి గుండె మీద పొడిచింది.

ఆమె చెప్పులు విప్పి గోడవారగా పెట్టి, లోపలికి వెళ్లి గిన్నెలు తోమడం మొదలుపెట్టింది. గిన్నెల చప్పుడు ఆమెకు తెలియదు. ఇల్లంతా మోగింది.

ఆ రోజు నుంచి అతనికి పట్టుకున్న బాధ ఒకటే. చెయ్యి వస్తుందా రాదా అని కాదు. ఆమెకు ఒక్క సంగతి చెప్పాలి: నీ వల్ల కాదు. నేను వదలకపోవడం నా ఇష్టం. బీట ఉందని చెప్పినా ఎత్తమన్నవాడిది తప్పు, తొడుగులు ఇవ్వనివాడిది తప్పు.

నోటితో అయితే ఎంతసేపు? కానీ చేతిమాటలో పలక అంటే నిలబెట్టిన కుడి అరచెయ్యి. బీట అంటే ఆ అరచేతి మీద ఎడమ వేలితో గీసిన గీత. గీయడానికి వేలుంది, గీయించుకోవడానికి అరచెయ్యి లేదు. ఎడంచెయ్యి ఒక్కటే గాల్లో ఏదో గీస్తే, పలక పగలడం గుర్తొచ్చి బాధపడుతున్నాడనుకుని ఆమె ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించేది. తల అడ్డంగా ఊపితే "కాదు" అని తెలుస్తుంది. ఎందుకు కాదో తల చెప్పలేదు. కార్ఖానాలో బీట సంగతి ఎత్తడానికి మిగతావాళ్లకు యజమాని భయం.

కొన్నాళ్లకు అక్క తన ఇంటికి వెళ్లింది. వెళ్తూ గుమ్మంలో మరదలి భుజం తట్టి, కళ్లు తుడుచుకుంది. అన్న మాట వెనక్కి తీసుకునే సైగ ఆమెకు రాదు.

రోజూ సాయంత్రం ఆమె అతని ఎదురుగా కూర్చుని కట్టు సడలించి, ఆసుపత్రిలో వేళ్లకు వ్యాయామాలు చేయించే అమ్మాయి చేసినట్టే ఒక్కో వేలూ వంచి, చాపేది. ఎవరూ ఆమెకు చెప్పలేదు, చూసి నేర్చుకుంది. ఎంత మెత్తగా చేసేదంటే ఆ వేళ్లు తనవో కావో అతనికే అనుమానం వచ్చేది. ఆ ఒక్క పనిలో మాత్రం అతని మొహంలోకి చూసేది కాదు. వేళ్లనే చూసేది.

అలా ఒక సాయంత్రం వ్యాయామం అయిపోయి, కట్టు బిగించాక, ఆమే అడిగింది. చిన్నగా, ఒళ్లోనే చేతులు కదిపి.

అద్దం. అవతల నేను. నువ్వు వదల్లేదు. నా వల్ల.

అడగలేదు నిజానికి, చెప్పింది. ఎప్పుడో తేల్చుకున్న సంగతి చెప్పినట్టు చెప్పింది. అతను తల అడ్డంగా ఊపాడు. ఆమె నమ్మలేదు. అతను ఎడంచెయ్యి ఎత్తాడు. నువ్వు కాదు. మళ్లీ, ఇంకా గట్టిగా: నువ్వు కాదు, నువ్వు కాదు. పలక, బీట, ముందే చెప్పాం - అన్నీ ఆ ఒంటి చేత్తోనే, కోపంగా, ఆత్రంగా, నుదుటి నరాలు ఉబ్బేదాకా. కుడిచేతిని ఒడిలో కదలకుండా పెట్టుకున్నాననే అనుకున్నాడు. లోపల పుటుక్కుమంది. దారం తెగినట్టు, చాలా చిన్నగా. ఆ వెంటనే మోచేతి కింద ఏదో జారి పైకి వెళ్లిపోయింది.

అతని మొహం చూసి ఆమె చేతులు ఆగిపోయాయి.

"ఏం ఎత్తావు? నిజం చెప్పు" అన్నాడు డాక్టరు.

"ఏమీ ఎత్తలేదు సార్. మా ఆవిడతో మాట్లాడుతున్నాను."

"మాట్లాడితే తెగుతుందా? ఏం, చేత్తో మాట్లాడావా?"

"అవును సార్."

డాక్టరు మొహం ముడుచుకుంది. "సిగ్గులేదూ? ఆ చెయ్యి కుట్టింది పెళ్లాన్ని కొట్టడానికా?"

"కొట్టడమేంటి బాబూ!" కబురందగానే పరుగున వచ్చిన అక్క అడ్డం పడింది. "మా మరదలికి వినపడదు. వాళ్లిద్దరూ చేతుల్తోనే మాట్లాడుకుంటారు. అదే వాళ్ల మాట. ఇన్నిసార్లు వచ్చాం, మీకు కనపడలేదా?"

వ్యాయామాల అమ్మాయి ఆగి చూసింది. అతని ముందు కూర్చుని కట్టుకు పైన, కుడి ముంజేతి కండ మీద తన వేళ్లు ఆనించింది.

"అన్నా, ఎడంచేత్తో ఆవిడకి ఏదైనా చెప్పండి. ఏదైనా సరే. కుడిచెయ్యి మాత్రం అస్సలు కదపొద్దు."

అతను గుమ్మం దగ్గరున్న భార్య వైపు తిరిగి, భయపడకు, అని ఎడంచేత్తో చెప్పాడు.

"చూశారా సార్. ఇటు చెబుతుంటే అటు కూడా చెబుతోంది. ఏళ్ల తరబడి రెండూ కలిసి మాట్లాడిన చేతులు. ఒకటి నోరు తెరిస్తే రెండోది ఊరుకోవట్లేదు. ఇన్నాళ్లూ కట్టు కింద కుట్లు లాగుతూనే ఉంది."

డాక్టరు కట్టు వైపు చూస్తూ, "ఎవరైనా ముందే చెప్పాల్సింది" అన్నాడు. ఎవరు ఎవరికి చెప్పాలో ఆయన అనలేదు. మళ్లీ కోశారు, మళ్లీ కుట్టారు.

ఈసారి వ్యాయామాల అమ్మాయి ఆమెను లోపలికి పిలిచి, తన పని పక్కన పెట్టి, ఒక గుడ్డ గొట్టంలో తాడు దూర్చి చూపించింది. లాగితే వేలు వంగుతుంది. గట్టిగా లాగితే తెగుతుంది. ఎడంచెయ్యి కదిపితే కుడిచేతిలో తాడు లాగుతుంది. ఆమె కళ్లార్పకుండా చూసింది. అంతా అర్థమైంది. అర్థమైన కొద్దీ మొహం పాలిపోయింది. మొదటిసారి తెగడం సంగతి ఎలా ఉన్నా, రెండోసారి తెగింది తనతో మాట్లాడినందుకే.

ఇక ఇంట్లో అతను ఎడంచెయ్యి ఎత్తితే చాలు, ఆమె కళ్లు మూసేసుకునేది. వినేవాళ్లకు చెవులు మూసుకున్నా ఎంతోకొంత చేరుతుంది. ఆమె కళ్లు మూసుకుంటే ఇక ఏమీ చేరదు. అన్నం పెట్టేది, నీళ్లు పోసేది, వేళ్లు వంచేది. కావలసినవి తనే కనిపెట్టేది. మాట మాత్రం ఆడనిచ్చేది కాదు. అతను ఒకసారి నేలను కాలితో తన్ని పిలిచాడు. తిరిగింది, అతని చెయ్యి లేవడం చూసింది, కళ్లు మూసింది. రెప్పల కిందనుంచి నీళ్లు కారుతున్నా తెరవలేదు. అతను ఆమె పేరు పెట్టి నోటితో పిలిచాడు. ఆ ఇంట్లో ఆ పేరు వినగలిగింది అతనొక్కడే.

కట్టు విప్పేనాటికి చూపుడువేలు, బొటనవేలు ఎప్పటిలాగే ఉన్నాయి. మధ్యవేలు సగం వంగుతోంది. చివరి రెండూ కర్రపుల్లల్లా నిలబడిపోయాయి.

"తాడు నిలిచిందిగానీ చుట్టూ కండ అతుక్కుపోయింది. ఇంకోసారి కోస్తే వస్తుందని నేను మాటివ్వలేను" అన్నాడు డాక్టరు. "ఇక నీ ఇష్టం వచ్చినట్టు వాడుకో."

యజమాని మాట నిలబెట్టుకున్నాడు. పలకలు మొయ్యలేనివాడికి గాజు పెంకులు ఊడ్చే పని ఇచ్చాడు. "ఇంకొకరైతే గుమ్మం తొక్కనిచ్చేవారు కాదు" అని అతని ముందే అన్నాడు. అతను "అవునండీ" అన్నాడు. చీపురు చంకలో ఇరికించుకుని ఎడంచేత్తో తోస్తూ ఊడ్చేవాడు.

యంత్రాలు తిరుగుతుంటే తోటివాళ్లు ఎప్పటిలాగే చేతులతో పలకరించారు. అతను జవాబిచ్చాడు. వాళ్లకు తెలియలేదు. మళ్లీ చెప్పాడు. నిలబడిపోయిన వేళ్లు ప్రతి మాటకూ అడ్డం పడ్డాయి. రెండోసారి కూడా తెలియకపోతే మూడోసారి ఎవరూ అడగలేదు, నవ్వి తల ఊపేశారు. ఆ ఊపే తల అతను గుర్తుపట్టాడు. వీధిలో జనం ఆమెకు ఊపే తల అదే. అందరూ చేతులతో మాట్లాడుకునే ఆ చోట ఇప్పుడు మూగవాడు అతను.

మధ్యాహ్నం విరామానికి యంత్రాలు ఆగాయి. ఆమె చేతులు కడుక్కుని, యంత్రం పక్కనే కూర్చుంది. అతను చీపురు గోడకు చేరేసి ఆమె ఎదురుగా వెళ్లి నిలబడ్డాడు. ఎడంచెయ్యి ఎత్తాడు. కుడిచెయ్యి కూడా ఎత్తాడు. ఇక తెగేదేం లేదు.

ఆమె రెప్పలు అదిరాయి. కానీ మూసుకోలేదు.

వంకర అరచెయ్యి నిలబెట్టి దాని మీద గీత గీశాడు. పలక. బీట. ముందే ఉంది. ఆగి, మళ్లీ మొదలుపెట్టి, తప్పిన చోట తలతో, భుజంతో, కనుబొమలతో సరిదిద్దుకుంటూ, నత్తివాడు కూడబలుక్కున్నట్టు చెప్పాడు. వదలకపోవడం నా ఇష్టం. నీ వల్ల కాదు.

ఆమె ఒక్కో మాటా అందుకుంది. ఎంతకాలానికి అందిన మాట! అతని నిలబడిపోయిన రెండు వేళ్లనూ గుప్పిట్లో పట్టుకుని, కాసేపటికి వదిలి, అడిగింది.

మరి ఎవరి వల్ల?

జవాబు చాలా సులువు. యజమాని కార్ఖానాలోకి వచ్చినప్పుడల్లా అద్దం పొడి పడకుండా రుమాలుతో ముక్కు మూసుకుంటాడు. అందుకని ఆయనకు వాళ్లు పెట్టుకున్న సైగ, రెండు వేళ్లతో ముక్కు పట్టుకోవడం. ఎడంచెయ్యి చాలు. పసివాడు కూడా చెప్పగలడు.

అతని ఎడంచెయ్యి గడ్డం దాకా లేచింది. చేతిమాటలో గుసగుసలుండవు. చూసిన ప్రతివాడికీ వినిపిస్తుంది. పెద్దాయన చూస్తున్నాడు. అందరూ చూస్తున్నారు. ఎదురుగా అద్దాల గదిలోంచి యజమాని కూడా తలెత్తి చూస్తున్నాడు. తన సైగ ఏదో ఆయనకు ఎప్పుడో తెలుసు.

అతను గడ్డం గోక్కున్నాడు. చెయ్యి దించేశాడు.

ఆమె ఆ దిగిన చేతిని చూసింది. తర్వాత మెడ తిప్పి అద్దాల గది వైపు చూసింది. తర్వాత మళ్లీ అతని వైపు. కోపం లేదు, అడగడం కూడా లేదు. విరామం ముగిసింది. లేచి యంత్రం మీట నొక్కి, అద్దపు ముక్క అంచును చక్రానికి ఆనించి తల వంచింది. ఆ పనిలో తలెత్తితే వేళ్లు పోతాయి. ఇక చెప్పాలన్నా ఆమె తలెత్తేదాకా ఆగాల్సిందే.

అతను చీపురు అందుకుని ఆమె కాళ్ల దగ్గర పెంకులు ఊడవసాగాడు.